చార్టులో పదో వరుస

మా మందిరంలో యవ్వనస్థుల కూడిక నా చేతికి వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని ప్రార్థన కాదు, పట్టిక గీయడం. మెకానికల్ చదివినవాడిని. ఏ పని అప్పగించినా ముందు నాకు స్కేలే కనబడుతుంది.

పాస్టరుగారు నన్ను అడిగింది మాత్రం చిన్న సాయమే.

"పిల్లలు పాటలు బాగానే పాడుతున్నారు బాబూ. ప్రార్థన అనేసరికి కళ్ళు మూసుకుని పక్కవాణ్ణి గిల్లుతున్నారు. దేవుడితో మాట్లాడటం కాస్త అలవాటు చెయ్యి."

శనివారం సాయంత్రం ఐదున్నరకు కూడిక. వచ్చేది పన్నెండు మంది, అందరూ హైస్కూలు, ఇంటర్ పిల్లలు. వాళ్ళ ముందు గోడకు చార్టు తగిలించాను. స్తుతికి మూడు నిమిషాలు, ఒప్పుకోలుకు రెండు, కృతజ్ఞతకు రెండు, మనవులకు మూడు. మొత్తం రోజుకు పది. కింద ఒక్కొక్కరికి ఒక వరుస. అందులో వాళ్ళ మనవి, చివరన జవాబు గడి. ఆ గడిలో రాయదగినవి మూడే: వచ్చింది, రాలేదు, పెండింగ్.

"అన్నయ్యా, ఒప్పుకోలుకి రెండు నిమిషాలు మీకు సరిపోతాయేమో గానీ వీడికి చాలవు" అంది పదో తరగతి అమ్మాయి, ముందు కూర్చున్న కుర్రాణ్ణి చూపించి.

అందరూ నవ్వారు. నేను ఆ సూచన సబబే అనుకుని రెండును మూడు చేసి, కృతజ్ఞతలో ఒకటి తగ్గించాను. అప్పుడు ఇంకా నవ్వారు.

ఆ అమ్మాయి పెనుగొలను నుంచి షేర్ ఆటోలో వచ్చేది. చార్టులో పదో వరుస తనది. మనవి: మా నాన్న మళ్ళీ మందిరానికి రావాలి. వాళ్ళ నాన్న పొలం పనులకు వెళ్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆదివారం డోలక్ వాయించేది ఆయనే. కొన్ని నెలలుగా రావడం మానేశాడు. ఎందుకని నేను అడగలేదు. నా చార్టులో కారణం రాసే గడి లేదు.

వారాలు గడిచాయి. ఒకడి లెక్కల పరీక్షకు 'వచ్చింది', ఇంకొకడి కొత్త ఫోనుకు 'రాలేదు' అని రాశాను. పదో వరుసలో ఆరు వారాలు 'పెండింగ్' అనే రాశాను. ఏడో వారం కూడిక అయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆ అమ్మాయి చార్టు దగ్గరే నిలబడింది.

"అన్నయ్యా, నా వరుస కొట్టెయ్యండి."

"అలా విసిగిపోకూడదమ్మా. దేవుడు ఒక్కోసారి ఆలస్యం చేస్తాడు."

"ఆలస్యం ఆయన దగ్గర లేదు. అయినా నాన్న గురించి అడగడం ఆపి మూడు వారాలైంది. ఇప్పుడు మీ గురించి అడుగుతున్నా."

"నా గురించా? ఏమని?"

"మీకు గుర్తు రావాలని."

నాకేమీ గుర్తు రాలేదు. చివరికి తనే చెప్పింది. మందిరానికి కొత్త కీబోర్డు వచ్చినప్పుడు, పాటల్లో సరిచేయవలసినవి ఏడు రాసి, ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివాను. అందులో నాలుగోది: 'డోలక్. వేగం నిలకడగా లేదు. కీబోర్డులోనే తాళం ఉంది కాబట్టి ఇక అవసరం లేదు.' వాళ్ళ నాన్న అప్పుడు డోలక్ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుని ఉన్నాడట. నాలుగో అంశంలో ఒక మనిషి ఉన్నాడని నాకు తట్టలేదు.

"మరి నాతో ముందే చెప్పొచ్చుగా?"

"ముందు దేవుడికి చెప్పండి, తర్వాతే మనుషులకి అని మీరేగా అన్నారు!"

"రోజూ పది నిమిషాలూ ఇదే అడిగావా?"

"పది నిమిషాలా? ఆటో ఎక్కితే అదే, అంట్లు తోముతుంటే అదే. మీ మీద కోపమొచ్చి ఒకరోజు దేవుడితో పోట్లాడాను కూడా. ఏ గడిలో రాయాలో తెలీక మీకు చెప్పలేదు."

పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాను.

మర్నాడు ఆరాధన పదింటికి. ఏడింటికే బండి మీద పెనుగొలను బయల్దేరాను. దారిలో ప్రార్థన చేద్దామని స్తుతితో మొదలుపెట్టాను గానీ మాట సాగలేదు. 'ప్రభువా, తప్పు చేశాను. ఆయన ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు' అన్నాను. నిమిషం కూడా పట్టలేదు. ఎన్నో నెలల తర్వాత నేను కాగితం చూసి చదవకుండా చేసిన ప్రార్థన అదే.

ఆయన వాకిట్లో టీ తాగుతున్నాడు.

"రా బాబూ. ఈసారి ఎన్ని రాసుకొచ్చావ్?"

"ఏం రాసుకు రాలేదు బాబాయ్. ఆ రోజు నలుగురిలో అలా చదవడం తప్పు. క్షమించండి."

ఆయన టీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు రాసింది అబద్ధం కాదులే. వేగం తగ్గించేవాణ్ణి. ముందు కూర్చునే ముసలాళ్ళు చరణం మధ్యలో ఊపిరి తీసుకోవాలిగా. నీ పెట్టె వాళ్ళ కోసం ఆగుద్దా?"

ఆగదు. కీబోర్డు వచ్చినప్పటి నుంచి వాళ్ళు అర చరణం వెనకబడుతున్నారు. దాన్ని నేను వాళ్ళ లోపంగా రాసిపెట్టుకున్నాను కూడా.

"ఇవాళ వస్తారా బాబాయ్?"

"ఇన్నాళ్ళు మూలన పడేశాను. తోలు చెమ్మెక్కి ఉంటది. ఎండలో పెడితే గానీ పలకదు."

"పొద్దున్నే పెట్టా నాన్నా" అంది లోపలి నుంచి కూతురు.

చూస్తే పిట్టగోడ మీద డోలక్ ఎండలో ఉంది.

"నేను వస్తానని నీకెవరు చెప్పారు?" అన్నాను.

"అడిగింది నేనే కదన్నయ్యా" అంది, అదేదో లెక్కల్లో మొదటి మెట్టు అన్నట్టు.

ఆయన చొక్కా మార్చుకుని, డోలక్ ఒళ్ళో పెట్టుకుని నా బండి వెనక కూర్చున్నాడు. మందిరంలో కీబోర్డు తాళం నేనే ఆపేశాను. మొదటి పాట రెండో చరణంలో వేగం తగ్గింది. ముందు వరుసలో అమ్మమ్మలు ఊపిరి తీసుకున్నారు, పాటలో అందరితో కలిశారు. ఆ అమ్మాయి నా వైపు చూసి, గాలిలో వేలితో టిక్కు పెట్టింది.