నారింజకు ఊరూరా పేరడిగిన సుందరరామయ్య గారు

నిన్న ఉదయం విజయవాడ నుంచి ఆయన కుమార్తె ఫోన్ చేసి, "నాన్నగారు వెళ్లిపోయారండీ" అన్నది. అప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తున్నది, లేస్తే ఎటు పోవాలో తోచడం లేదు. కువైట్‌లోని షర్క్ ప్రాంతపు ఓడల కంపెనీలో నాకు పై అధికారి, భాషావ్యసనాన్ని అంటించిన గురువు సుందరరామయ్య గారు దివంగతులయ్యారు.

కాగితాల పనిమీద వచ్చిన ప్రతి నావికుణ్ణీ ఆయన నారింజను ఏమంటారని అడిగేవారు. "మీ దేశం మాట వద్దు, మీ అమ్మ మాట చెప్పు" అనేవారు. స్పెయిన్‌లోని గలీషియా వాడు ‘లరాంష’ అన్నాడు. అక్కడిదే కాటలోనియా వాడి ‘తరోంజ’ అరబ్బుల దబ్బపండు పేరు నుంచి పుట్టిందని తెలిసిన రోజు ఆయన ఆఫీసులో ఒకచోట కూర్చోలేదు. "మన నారంగం పారశీకుల మీదుగా, అరబ్బుల మీదుగా స్పెయిన్ చేరిందయ్యా. తియ్య నారింజను పోర్చుగల్ వర్తకులు తెచ్చారు గనుక ఇక్కడ అది బుర్తుఖాల్ అయింది" అని వివరించేవారు.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఆగస్టులో మేమిద్దరం కువైట్‌లోనే ఖైతాన్ అనే పేటలో ఉండేవాళ్లం. పక్క భవనంలో ఇంటిపని చేసే రాయచోటి లక్ష్మమ్మను వదిలి యజమానులు సౌదీకి పోయారు. ఆమె పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన ఆ యజమాని దగ్గరే, ఉండిపోయింది. ఈయన రాయబార కార్యాలయం చుట్టూ తిరిగి ఆమెకు ప్రయాణపత్రం సంపాదించి మాతోపాటు బస్సెక్కించారు.

జోర్డాన్ సరిహద్దు శిబిరంలో ఆమెకు తీవ్రజ్వరం. నీళ్లు కూడా ఇమడలేదు.

"ఖలాస్ సార్, నా పని అయిపాయ. మీరు పోండి" అన్నది.

మేము డేరా ఆసుపత్రికి వెళ్లి పిలిస్తే, ఇటలీ నర్సు అలసిపోయి, "రేపు రండి" అన్నది. ఆయన శిబిరంలో పంచిన నారింజపండు చూపి, "మీ ఇంట్లో దీన్నేమంటారమ్మా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"ఇప్పుడదెందుకు సార్?" అన్నాను చిరాకుగా.

నర్సు ఆగింది. "అందరూ అరాంచ అంటారు. మా అమ్మది నేపుల్స్. పుర్తువాల్లో అంటుంది."

"ఇక్కడివాళ్లూ దాదాపు అదే అంటారు."

ఆమె అప్పుడు ఆయన ముఖంలోకి చూసింది. "జబ్బు ఎవరికి?" అని అడిగి, సంచి తీసుకుని మా వెంట వచ్చింది. సెలైన్ పెట్టి సాయంత్రందాకా అక్కడే కూర్చుంది.

మర్నాడు విమానానికి మా పేర్లు పిలిచారు. ఆయన కదలలేదు. "నువ్వెళ్లు. మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది. ఈవిడ లేచి నడిచాక మేమిద్దరం వస్తాం" అన్నారు. అలాగే వచ్చారు.

ఆ విద్వత్తు, ఆ దయ ఒకే మనిషిలో మళ్లీ చూడబోను. ఆయన పాదాలకు నమస్సు. రాయచోటిలో ఉన్న లక్ష్మమ్మకు ఈ వార్త నేనే చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. అడుగుదామంటే ఆయన లేరు.