ఆముదం రాసిన బొటనవేలు

నా పేరు మునెమ్మ, వయసు అరవై ఎనిమిది. చిత్తూరు పక్క పల్లెలో కోడలు సుగుణతో ఉంటున్నాను. నేను చెబుతుంటే ఈ ఉత్తరం తనే రాస్తోంది.

యాభై ఏళ్లుగా చింతపండు ఒలిచి నా గోళ్ల మొదట్లో తోలు ఎండి, చీలి, నెత్తురు కారుతుంది. దానికి ఆముదంలో పసుపు కలిపి, వెచ్చచేసి రుద్దుకుంటాను. ఈ రోజు ఇంటిస్థలం కాగితానికి వేలిముద్ర వేయాల్సి వచ్చింది. గుమాస్తా ముందు చెయ్యి చాచాలి కదా, పగుళ్లు కనబడకూడదని పొద్దున ఇంకాస్త ఎక్కువే పట్టించాను. ఆఫీసులో సిరా జారిపోయి, మూడుసార్లూ నల్లటి మరకే పడింది.

“గీతలే లేవే అవ్వా! నువ్వే మునెమ్మవని యెట్ల నమ్మేది?” అన్నాడు గుమాస్తా.

“నా మొగం సూడప్పా! నువ్వు పుట్టకముందు నుంచీ ఇదే మొగం.”

“కాగితం మీద నీ మొగం పడదు గదా. రేపు ఇంకొక్కసారి సూస్తా. రేపూ ఇట్లే పడితే కాగితం వాపసే.”

నోరు గట్టిగానే లేచింది గానీ, బస్సులో ఇంటిదాకా ఆ బొటనవేలినే కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను. ఆ స్థలం పోతే మాకు నిలువనీడ లేదు. ఆముదం మానితే వేలు చీలుతుంది, రాస్తే సిరా జారుతుంది. ఇది చదివేవాళ్లు, ఇలాంటి వేళ్లున్న ఆడవాళ్లు మీ ఇళ్లలో ఏం చేస్తారో చెప్పండి.

ఇప్పుడే సీకాయతో చెయ్యి తోమి, ఈ ఉత్తరం కాగితం మీదే వేలు వేశాను. నాకు చూపు ఆనదు. రెండు గీతలు కనబడుతున్నాయని ఎదురింటి చెంగయ్య అంటున్నాడు. సుగుణ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ రాస్తోంది.

మునెమ్మ ఎడమ బొటనవేలి నిశాని

చూసినవాళ్లు: ఎదురింటి దర్జీ చెంగయ్య, కోడలు సుగుణ