మా అంబులెన్సుకు రావాల్సిన ఫోన్లు

కల్యాణదుర్గంలో ఒక ప్రైవేటు అంబులెన్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. పోయిన వేసవిలో భాగస్వాములు విడిపోవడంతో మా సంస్థ పేరు మారింది. వెబ్‌సైట్‌లో, ఫేస్‌బుక్‌లో, మ్యాపుల్లో కొత్త పేరుతో ఫోన్ నంబరుతో సహా వివరాలన్నీ మళ్లీ పెట్టే పని ఓనరు నాగరాజన్న నాకు అప్పజెప్పారు. రెండు రోజులు కూర్చుని అన్నీ మార్చేశాను.

మరునాడు పొద్దున్నుంచి ఆఫీసు ఫోను మోగనేలేదు. మధ్యాహ్నం ఎవరో పెద్దాయన చేశారు.

"అంబులెన్సోల్లేనామ్మా? నేను కుందుర్పి కాడ గొర్లు మేపుకునేవాన్ని. మీకు రావాల్సిన ఫోన్లన్నీ నాకొస్తాండాయి!"

వెబ్‌సైట్ తెరిచి చూశాను. ఫోన్ నంబరులో చివరి అంకె తప్పు కొట్టాను, అన్నిచోట్లా అదే పెట్టేశాను.

"అర్జంటని ఎవరన్నా చేసినారా పెద్దనాయనా?" అన్నాను.

"ఇద్దరు బెంగళూరుకు బాడుగెంతని అడిగినారు. నాకేం తెలుసమ్మా! ఇంగొకామెకు నొప్పులొస్తాండాయంట. మా పక్కూరే. రాంగ్ నంబరని పెట్టేస్తే ఎట్ల? మా అన్న కొడుకును ఆటో ఏసుకోని పొమ్మన్న్యా. ఆస్పత్రిలో కాన్పయింది. తల్లీబిడ్డా బాగుండారు. ఆడ గోడమీద అచ్చం నా నంబరు మాదిరే మీ అంబులెన్సు నంబరుంటే మావోడు రాసుకోనొచ్చినాడు."

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడ్సేదెందుకమ్మా? ముందు ఆ నంబరు సరిచెయ్యి. నా గొర్లు చేన్లో పడతాండాయి" అని ఆయన పెట్టేశారు.

వెంటనే అన్నిచోట్లా నంబరు సరిచేసి, నాగరాజన్నకు జరిగినదంతా చెప్పాను. ఆయన వెబ్‌సైట్ చూస్తూ తన సెల్‌లో ఆ నంబరు నొక్కారు. నా బల్లమీద ఫోను మోగింది. అప్పటిగ్గానీ నాకు ఊపిరాడలేదు.

నా తప్పుకు ఒక తల్లి బలికాకుండా కాపాడిన ఆ పెద్దాయన పేరైనా ఆ రోజు అడగలేదు. ఆ బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

– కె. సుజాత, కల్యాణదుర్గం