సంతాప సభ రెండో అంతస్తులోనట

మా ప్లేస్‌మెంట్ మేడమ్ పోయారని పోయిన సోమవారం కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. ఆ కబురు కిందే ఇంకో వాక్యం ఉంది: శనివారం సంతాప సభ, రెండో అంతస్తు సెమినార్ హాల్లో. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ఆ బిల్డింగుకి లిఫ్ట్ లేదు. నేను చంకకర్రలతో నడుస్తాను. నాలాంటి పిల్లల్ని ఉద్యోగాలకు తయారు చేయడానికే మేడమ్ తన సర్వీసంతా ధారపోశారు. ఆమెను తలచుకోవడానికి మేమే ఎక్కలేని చోటు వెతికిపెట్టారు మహానుభావులు.

అసలు ప్లేస్‌మెంట్ ఆఫీసూ ఒకప్పుడు ఆ రెండో అంతస్తులోనే ఉండేది. మా బ్యాచ్‌లో నలుగురం మెట్లెక్కలేమని తెలిసి, ఆమె తన బల్లను మెట్ల కిందున్న స్టోర్ రూమ్‌లోకి దింపించుకున్నారు. విరిగిన బెంచీల మధ్య కూర్చుని ప్రతి శనివారం మాకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవారు. లోపలికి రాగానే మూడు మాటలు చెప్పాలి: నేనేం చేయగలను, నాకేం కావాలి, నాకేం అక్కర్లేదు. నేను నోరు తెరిస్తే ముందు "సారీ మేడమ్" అని వచ్చేది. అంతే, బయటికి పంపేవారు. తలుపు తోసుకుని మళ్లీ రావాలి. ఒకరోజు అలా తొమ్మిదిసార్లు తిరిగాను. ఆమెను మనసులో ఎంత తిట్టుకున్నానో ఇప్పుడు చెప్పినా తప్పులేదు.

"సుమ్నే, ఊరికూరికే ఎందుకప్పా సారీ సారీ అంటాండావు? ఎవురి కాలు తొక్కినావు నువ్వు?" అనేవారు.

నా మొదటి ఇంటర్వ్యూ బెళ్ళందూరులో ఒక కంపెనీలో. ముందు రోజే అక్కడికి ఫోన్ చేసి లిఫ్ట్ సంగతి కనుక్కోమన్నారు మేడమ్. అడిగితే అసలు రావద్దంటారేమోనని నాకు భయం. చేశానని ఆమెతో అబద్ధం చెప్పాను. తీరా వెళ్తే లిఫ్ట్ రిపేరు. మెట్ల మీద కూర్చుని జరుగుతూ ఎలాగో మూడంతస్తులు ఎక్కి, చెమటతో తడిసిన చొక్కాతో లోపలికి వెళ్లి మొదట అన్న మాట "సారీ". తర్వాత ఆయాసంలో నాకు బాగా తెలిసిన ప్రశ్నలకు కూడా జవాబు చెప్పలేకపోయాను. ఉద్యోగం రాలేదు.

ఓదారుస్తారనుకుని మేడమ్ దగ్గరికి వెళ్లి, ఫోన్ చేయలేదని ఒప్పుకున్నాను. "లిఫ్ట్ చెడిపోయింది వాళ్ల తప్పు. అడక్కపోయింది నీ తప్పు. అడగందే అమ్మయినా పెట్టదు, వాళ్లు పెడతారా?" అని ఇంతెత్తున లేచారు.

బొమ్మసంద్ర ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టి, "చెయ్యప్పా, నేను ఈడనే ఉండా" అన్నారు. తన టిఫిన్ డబ్బా మూత తీసి చిత్రాన్నం చెంచాతో కెలుకుతూ కూర్చున్నారు. నేను మాట్లాడినంత సేపూ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అవతలి ఆవిడ మాత్రం ఎంతో మామూలుగా, "ఇంటర్వ్యూ కింది గదిలోనే పెట్టిస్తాం, ముందే చెప్పి మంచి పని చేశారు" అంది. ఆ ఫ్యాక్టరీలోనే ఇప్పుడు యంత్రాల విడిభాగాలకు కంప్యూటర్లో డ్రాయింగులు గీస్తున్నాను. ఉద్యోగం వచ్చిందని ఆత్రంగా చెబితే మేడమ్ అడిగింది ఒక్కటే: "వాష్‌రూమ్ చూసినావా?" మెచ్చుకోవడం ఆమెకు బొత్తిగా చేతకాదు. అలాంటి మనిషి నాకు మళ్లీ దొరకరు.

మంగళవారం కాలేజీకి ఫోన్ చేశాను. ఎత్తిన గుమాస్తా చాలా మంచివాడు, ఆ మంచితనంతోనే నా ప్రాణం తీశాడు. "హాల్లో అంతా ఏర్పాటు చేసేసినాము సార్. బేజారు చేసుకోవద్దండి, నలుగురం కలిసి మిమ్మల్ని ఎత్తుకొని పోతాం."

నాలుక చివర "సారీ, పర్లేదు" సిద్ధంగా ఉంది. మింగేశాను.

"నేను సభలో మేడమ్ గురించి మాట్లాడగలను. సభ కిందే జరగాలి. నన్నెవరూ ఎత్తక్కర్లేదు" అన్నాను.

"అడిగి చెప్తా సార్" అని పెట్టేశాడు. తిరిగి చెప్పనూ లేదు.

శనివారం నేను వెళ్లేసరికి కింద వరండాలో కుర్చీలు వేస్తున్నారు. పైన హాల్లో ముందే దండ వేసి పెట్టిన మేడమ్ ఫోటోను ఇద్దరు లెక్చరర్లు చెరో పక్క పట్టుకుని దింపుతున్నారు. గుమాస్తా వెనక నుంచి "మెల్లిగా, మెల్లిగా" అని అరుస్తున్నాడు. మెట్టు మెట్టుకీ దండ ఊగుతోంది. కళ్లద్దాల వెనక ఆమె చూపులో అదే విసుగు. నేను స్టోర్ రూమ్ తలుపు దగ్గర నిలబడి, ఆమె కిందికి వచ్చేదాకా చూశాను.