రజాకార్ అన్న మాటకు అర్థం

దేవకృప మిషన్ బడిలో టీచరు. బందరు నుంచి వచ్చి లాలాగూడలో స్థిరపడ్డ కుటుంబం. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ తడబాటు లేకుండా మాట్లాడేది. 1948 ఎండాకాలంలో ఆమె అన్న లూకాను రజాకార్లు రైలు పెట్టెలోంచి లాగి కొట్టి చంపారు. ముఖం ఆనవాలు దొరకలేదు. బూట్లు చూసి ఇతనే అని చెప్పింది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్లు ఆయుధాలు పడేశారు. పట్టుబడ్డవాళ్లను విచారించే మద్రాసు అధికారికి ఉర్దూ రాదు, తెలుగు రాదు. డేరాలో ఆయన పక్కన దేవకృపను దుబాసీగా కూర్చోబెట్టారు.

ఒకరోజు అల్లాబక్ష్‌ను తెచ్చారు. మౌలాలిలో జట్కా తోలేవాడు. బడి పిల్లలు అతని బండిలోనే వచ్చేవాళ్లు. ఎవరో పాత పగతో అతని పేరు చెప్పారు.

"రజాకార్‌వా?" అని అడిగింది దేవకృప.

"అవునమ్మా. కలరా వచ్చినప్పుడు రజాకార్‌గ బస్తీకి నీళ్లు మోసిన. గా కత్తులోళ్ల జోలికి ఎన్నడు పోలే. మీకెర్కే గద!"

కూలి అడగకుండా సేవ చేసేవాణ్ణి ఉర్దూలో అలాగే అంటారు. అది ఆమెకు తెలుసు. అధికారికి మాత్రం ఆ ఒక్క మాటే చెవిన పడింది.

"ఏమంటున్నాడు?"

"రజాకార్‌నని ఒప్పుకుంటున్నాడు" అంది ఇంగ్లీషులో. నీళ్ల సంగతి చెప్పలేదు. చెప్పకపోవడం ఆ క్షణాన ఆమెకు తీయగా ఉంది.

సిపాయిలు రెక్కలు విరిచి కట్టారు. "సల్లగుండు టీచరమ్మా, మంచిగ చెప్పినవ్" అంటూ వెళ్లాడు అల్లాబక్ష్.

కొన్నాళ్లకు అతని భార్య హజీరా బడికి వచ్చింది. "మీరున్నరని ధైర్యంగున్నం. ఇంక ఇడుస్తలేరు. జెర మల్లొక్కసారి చెప్పున్రి."

దేవకృప ఆమెను వెంటబెట్టుకుని డేరాకు వెళ్లింది. ఈసారి కలరా, నీళ్లు, అన్నీ చెప్పింది.

"ఆరోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు అధికారి.

ఆమె మళ్లీ నీళ్ల సంగతే ఎత్తింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీ అన్నను అప్పుడే మరిచిపోయారా? ఆ మనిషి జైల్లో విరేచనాలతో పోయాడు. పూడ్చేశారు కూడా."

ఇంగ్లీషు అర్థంకాని హజీరా ఆమె కొంగు పట్టుకుంది. "సాబ్ ఏమన్నడమ్మా?"

"చూస్తామన్నాడు" అంది దేవకృప.

హజీరా ఆమె చేతులు తీసుకుని కళ్లకద్దుకుంది.

ఆ తరువాత రొట్టెల మూటతో రోజూ జైలు గేటు దగ్గర నిలబడేది. చివరికి ఒక కాపలావాడు విసుగెత్తి, నీ మొగుడు ఎప్పుడో చచ్చాడు పొమ్మన్నాడు. అటునుంచి అటే బడికి వచ్చింది.

"నీకెర్కనా టీచరమ్మా?"

"లేదు. ఇప్పుడే వింటున్నా."

హజీరా నమ్మింది. ఆమె భుజం మీదే తల పెట్టి ఏడ్చింది.