తుఫానుకు ముందు విప్పిన సోలార్ ప్యానెళ్లు

2023లో నేను నరసాపురం అవతల, సముద్రపు ఒడ్డునున్న ఒక మత్స్యకార పల్లెలో సోలార్ ఐస్ ప్లాంటు పనిమీద ఉన్నాను. అంతకు ముందు చాలా ఏళ్లు భీమవరం ఐస్ ఫ్యాక్టరీల్లో రిఫ్రిజిరేషన్ ఇంజనీరుగా చేశాను. కరెంటుతో ఐస్ తయారుచేయడం నాకు బాగా అలవాటైన పని. ఎండతో చేయడం అదే మొదటిసారి.

యంత్రాలు యూరప్‌లోని ఒక సంస్థ పంపింది. స్థలం, నడిపే బాధ్యత చేపలమ్మే ఆడవాళ్ల సంఘానివి. పని నేర్పడానికి కెన్యా నుంచి అకిన్యి అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై దాటిన మనిషి. విక్టోరియా సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఇంట్లో పుట్టి, అక్కడ ఇలాంటి ప్లాంట్లు నిలబెట్టి, ఆ అనుభవంతో మా దగ్గరికి వచ్చింది. మా ఇద్దరికీ ఇంగ్లీషు. ఆమెకూ పల్లెవాళ్లకూ మధ్య నేను.

ఐస్ ప్లాంటులో బ్రైన్ ట్యాంకు అని ఒకటుంటుంది. బ్రైన్ అంటే ఉప్పునీళ్లు. అవి గడ్డకట్టకుండానే మంచుకన్నా చల్లబడతాయి. వాటిలో మంచినీళ్ల డబ్బాలు దించితే లోపల ఐస్ దిమ్మ తయారవుతుంది. ఎండ ఉన్నంతసేపూ కంప్రెసర్ తిప్పి ఆ చలిని ట్యాంకులోనే దాచుకునేలా, బ్యాటరీలు లేకుండా దీన్ని రూపొందించారు. బ్యాటరీలు లేకుండా ఎలా నడుస్తుందని మొదట నేను నమ్మలేదు. అకిన్యి నన్ను ఒప్పించే ప్రయత్నం చేయలేదు. ట్యాంకు చుట్టూ చలిని బయటికి పోనివ్వని ఇన్సులేషన్ తన చేతులతో పరిచి, అతుకులన్నీ నాచేత తడిమించింది. మొదటి దిమ్మ బయటికొచ్చిన రోజు నా అనుమానం తీరిపోయింది.

ప్రాజెక్టు నియమాల్లో వాతావరణ మార్పు గురించి అవగాహన సమావేశం కూడా ఉంది. ఆఫీసు పంపిన బొమ్మల్లో మంచుకొండలు, తెల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. సంఘం అధ్యక్షురాలు సత్తెమ్మగారు మర్యాదగా చూస్తూ కూర్చున్నారు గానీ ఆవిడ చూపు తలుపు వైపే ఉంది. అకిన్యి గమనించి ల్యాప్‌టాప్ మూసేసింది.

"మీ చిన్నప్పుడు సముద్రం ఎక్కడుండేదో నాకు చూపిస్తారా?" అని అడిగింది.

అందరూ లేచి ఒడ్డుకు నడిచారు. సత్తెమ్మగారు అలల్లోకి చెయ్యి చాపారు. "అదిగోనమ్మా, ఆ నురగ లేస్తందే, దానికి అవతల మా అత్తోరిల్లు. నా పెళ్లి అక్కడే జరిగింది. ఇప్పుడు అక్కడ చేపలు తిరుగుతున్నాయి."

నేను ఇంగ్లీషులో చెప్పేలోపే అకిన్యికి అర్థమైపోయింది. తన ఫోనులో ఒక ఫొటో తెరిచి ఇచ్చింది. నీళ్లలో సగం మునిగిన రేకుల ఇల్లు. "మా అమ్మ ఇల్లు. సరస్సు పెరిగి ఊరిమీదికి వచ్చింది" అంది. సత్తెమ్మగారు ఫోను చాలాసేపు చేతిలో పట్టుకుని, "మీ అమ్మ ఇప్పుడు ఎక్కడుంటందమ్మా?" అని అడిగారు. ఆ సాయంత్రం నుంచి ఆమె పల్లెకంతటికీ ఆకినమ్మ అయిపోయింది.

ప్లాంటు మొదలైన కొన్ని నెలలకు తుఫాను హెచ్చరిక వచ్చింది. పల్లెవాళ్లను షెల్టర్‌కు తరలించడానికి అధికారులు ఏర్పాట్లు చేస్తున్నారు. అకిన్యిని వెంటనే రాజమండ్రి వెళ్లిపొమ్మని యూరప్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ప్యానెళ్లు విప్పుదామా అని ఆమె అడిగిన దానికి జవాబు కూడా అందులోనే ఉంది. ఫ్రేమ్ ఆ గాలికి తట్టుకుంటుంది, విప్పితే వారంటీ పోతుంది, ముట్టుకోవద్దు.

అకిన్యి నన్ను కంచె దగ్గరికి తీసుకెళ్లి, వెనకున్న సరుగుడు చెట్లు చూపించింది. "గాలికి తట్టుకుంటుంది, నిజమే. ఇవి మీద పడితే తట్టుకుంటుందా? వాళ్ల డ్రాయింగుల్లో ఈ చెట్లు లేవు."

"మీ ఉద్యోగానికి ఇబ్బంది వస్తుందండి" అన్నాను.

"ఉద్యోగం ఇంకొకటి వెతుక్కోవచ్చు. వీళ్లకు ఇంకో ప్లాంటు ఎవరిస్తారు?" అని, తను చెప్పదలుచుకున్నది ఆఫీసుకు రాసి పంపించి, పనిలోకి దిగింది.

వెలుతురు ఉన్నంతసేపూ సోలార్ ప్యానెల్లో కరెంటు పుడుతూనే ఉంటుంది, మబ్బు పట్టినా సరే. అందుకని ముందు ఐసోలేటర్, అంటే కరెంటు దారిని తెంచే స్విచ్చు, ఆపి, మీటరు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే తీగలు విడదీశాం. నేనూ అకిన్యీ బోల్టులు విప్పుతుంటే మగవాళ్లు ప్యానెళ్లు దించారు. ఆడవాళ్లు ఒక్కొక్కదాని మధ్యా పాత వలలు మడిచి పెడుతూ షెల్టర్ కింది గదిలో నిలబెట్టారు. జల్లు మొదలయ్యేసరికి ఆఖరిది కూడా లోపలికి చేరింది. అకిన్యి రాజమండ్రి వెళ్లలేదు. పల్లెవాళ్లతోపాటు షెల్టర్‌లోనే ఉండిపోయింది.

గాలి తగ్గాక వచ్చి చూస్తే రెండు సరుగుడు చెట్లు ఫ్రేమ్ మీదే పడి ఉన్నాయి. ఒక పక్క ఇనుము వంగిపోయింది. వంగని పక్కన పట్టినన్ని ప్యానెళ్లు బిగించి కంప్రెసర్ తిప్పాం. చుట్టుపక్కల కరెంటు స్తంభాలన్నీ ఒరిగిపోయాయి, ఐస్ ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. మా ప్లాంటు ఒక్కటే నడుస్తోంది.

మొదటి ఐస్ తీసే వేళకు ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చింది. షుగరు ఉన్నవాళ్ల ఇన్సులిన్ పాడైపోయేలా ఉందని, కొంచెం ఐస్ కావాలని అడిగింది. అప్పటికే కాలవలో దొరికిన చేపలు బుట్టల్లో ఎదురుచూస్తున్నాయి. ఆ ఐస్ అందకపోతే వాటిని పారబోసుకోవాలి. సత్తెమ్మగారు బుట్టల వైపు చూడనైనా చూడలేదు. "ముందు మందులకివ్వండి బాబూ. చేపలు ఉప్పేసి ఎండబెట్టుకుంటాం" అన్నారు.

కరెంటు వచ్చిన వారంలో ఆఫీసు పెద్ద హెన్రిక్ గారు వీడియో కాల్ చేశారు. చెప్పిన మాట ఎందుకు వినలేదని అడిగారు. "నిర్ణయం నాది. బాధ్యతా నాదే" అంది అకిన్యి. విషయం అడిగి తెలుసుకున్న సత్తెమ్మగారు ఫోను ముందుకు వచ్చారు. "ఆయనకి చెప్పండి బాబూ. ఆ అమ్మాయి ఒక్కతే కాదు, మేమందరం కలిసి విప్పాం. అంటే మమ్మల్ని కూడా అనమనండి."

నేను చెప్పాను. ఆయన ఫ్రేమ్ మీద పడిన చెట్లు చూపించమన్నారు. ఫోను అటు తిప్పాం. చూశాక, "విప్పింది ఎలాగో మొదటి నుంచి చెప్పండి. రాసుకుంటాను" అన్నారు. తర్వాత కట్టిన ప్లాంట్లకు ప్యానెళ్లు తొందరగా ఊడదీసే బిగింపులు వచ్చాయి. మాన్యువల్‌లో తుఫాను జాగ్రత్తల పేజీ చేరింది. దాని కింద అకిన్యి పేరుతోపాటు ఈ పల్లె పేరూ వేశారు. తప్పు తెలుసుకుని తన పద్ధతిని మార్చుకున్న ఆ పెద్దమనిషి మీద కూడా నాకు గౌరవం కలిగింది.

దేశాల మధ్య సహకారం అంటే పెద్ద హాళ్లలో జెండాల ముందు సంతకాలు పెట్టుకోవడమని అనుకునేవాణ్ణి. అవీ కావాలి, అవి లేకపోతే యంత్రాలు మా ఒడ్డుకు వచ్చేవే కావు. కానీ వచ్చినవాటిని నిలబెట్టింది, తన ఊరు నీళ్లపాలైన మనిషి ఇంకొకరి ఊరిని తనదిగా చూడటం. ఇప్పుడు ఏ కొత్త చోట ప్లాంటు కట్టాలన్నా, డ్రాయింగు విప్పకముందు నేను ఆ ఊరివాళ్లతో ఒడ్డుదాకా నడుస్తాను. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, గాలి ఎటునుంచి కొడుతుందో వాళ్లనే అడుగుతాను. ఈ అలవాటు నాకు నేర్పింది అకిన్యి.