కోటయ్యగారి స్లైడు మీద దొరికిన దొంగ

నరసరావుపేటలో రక్తపరీక్షలు చేసే కోటయ్యగారు గుండెపోటుతో పరమపదించారన్న వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. సంతాపసభలో కూర్చున్నాక దుఃఖం పోయి అసహ్యం మిగిలింది. అధ్యక్షపీఠం మీద, మా ఊళ్ళో నొప్పులకి మూలికల పొట్లాలిచ్చే వైద్యుడున్నాడు. అందరికంటే పెద్ద దండ అతనిదే.

కోటయ్యగారిది నిష్కళంకమైన దృష్టి. మైక్రోస్కోపు కింద నూరు తెల్లకణాలు చూసి ముగించేవరకు కాఫీ ముట్టేవారు కాదు. ఒకసారి రొంపిచెర్ల నుంచి రాళ్ళు మోసే అవ్వ ఒకామె వచ్చింది. స్లైడు చూస్తూ, తలెత్తకుండానే, "అవ్వా, మోకాళ్ళకి పొట్లాలు తింటన్నావా?" అన్నారు. ఆమె బిత్తరపోయింది. బతుకంతా చెప్పుల్లేకుండా మట్టిలో నడిచి, కడుపులో పురుగులున్న మనిషి రక్తంలో ఇసినోఫిల్స్ అనే గులాబీ చుక్కల తెల్లకణాలు మెండుగా ఉండాలి. ఒక్కటీ లేదంటే స్టెరాయిడ్ పడ్డట్టేనని ఆయన అనుమానం. అది నిజమే. మూలికల పొడి అని చెప్పి వైద్యుడు అందులో ఆ మాత్రలు నూరి కలిపేవాడు.

ఆ మాత్రల డబ్బాలు అతనికి అమ్మింది నేను. మందుల షాపు నాది.

ఆ సాయంత్రమే కోటయ్యగారు నా కొట్టుకొచ్చారు. రోగం ప్రవేశించగానే తెల్లకణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటాయట; ఆ కబుర్లు మోసే పదార్థాలకి ఇంటర్ల్యూకిన్లని ఈమధ్యనే పేరు పెట్టారట. "ఈ మందు ఆ కబుర్లు ఆపుద్ది శెట్టిగారూ. నొప్పి తగ్గుద్ది, నిజమే. రేపు క్షయ లోపలికొస్తే కేకేసే కణం ఉండదు. డాక్టరు చూసి ఇస్తే అది మందే. ఈయన చానా ఏళ్ళుగా గుడ్డిగా పెడతన్నాడు. అమ్మమాకండి."

నేను కాకపోతే ఇంకొకడు అమ్ముతాడని నవ్వి టీ తెప్పించాను. ఆయన తాగలేదు. ఆర్నెల్లకి అవ్వ క్షయతో పోయింది. పాపం, చివరిదాకా రోగాన్ని పట్టించే జ్వరం కూడా సరిగా రాలేదు. తర్వాత కోటయ్యగారు నా కొట్టు మెట్లెక్కలేదు. దారిలో ఎదురైతే నమస్కారం పెట్టేవారు. తలెత్తలేకపోయేవాణ్ణి.

సభలో వైద్యుడు ఆయన్ని మహర్షి అన్నాడు. నన్ను మాట్లాడమంటే ఆయన సౌమ్యత గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. పొట్లాల ఊసెత్తలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

మర్నాడు వైద్యుడి మనిషి మాత్రల కోసం సంచీతో వచ్చాడు. ఇవ్వనని చెప్పాల్సింది. స్టాకు లేదన్నాను. డబ్బాలు నా వెనక బీరువాలోనే ఉన్నాయి. వచ్చే వారం వస్తానంటే తలూపాను.

అందుకే ఇదంతా అచ్చుకిస్తున్నాను. వైద్యుడు చదువుతాడు, అతని పొట్లాలు తినేవాళ్ళూ చదువుతారు, నా కొట్టుకొచ్చేవాళ్ళూ చదువుతారు. కోటయ్యగారి లోటు తీర్చగల మనిషి ఈ పల్నాట్లో నాకు కనపడడం లేదు. ఆ మహానుభావుడికి నేను సమర్పించగలిగిన నివాళి ఇంతే. అవ్వ బతికుండగా వేయవలసిన కేక ఇది.